మాల్దీవుల నాయబుకు పని లేదు, అసలు తంటా అదే

మన దగ్గర ఉపరాష్ట్రపతి అనగానే కళ్ల ముందు మెదిలేది రాజ్యసభ. ఎత్తైన కుర్చీలో కూర్చుని, లేచిన సభ్యుణ్ణి కూర్చోబెట్టి, కూర్చున్నవాణ్ణి మాట్లాడమని పిలిచే మనిషి. 2017 నుంచి 2022 దాకా వెంకయ్యనాయుడు ప్రాసలు కలుపుతూ సభ నడిపిన తీరు తెలుగువాళ్లకు ఇంకా గుర్తే. రాష్ట్రపతి నిక్షేపంగా ఉన్నా సరే, మన ఉపరాష్ట్రపతికి పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటుంది, చేయడానికి ఒక పని ఉంది. ఆ పని రాజ్యాంగమే ఇచ్చింది కాబట్టి ఎవరూ లాక్కోలేరు.

మాల్దీవుల ఉపాధ్యక్షుడికి అదే లేదు. అక్కడి పార్లమెంటు పేరు మజ్లిస్. దానికి స్పీకర్ వేరే ఉన్నాడు. ఉపాధ్యక్షుణ్ణి ధివేహీ భాషలో నాయిబు రయీస్ అంటారు. తెలంగాణలో రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కిన వాళ్లకు నాయబు అన్న మాట కొత్త కాదు, నాయబ్ తహసీల్దారు మనకు తెలిసినవాడే. అయితే నాయబ్ తహసీల్దారు బల్ల మీద ఫైళ్లుంటాయి, కింద సంతకం పెట్టే అధికారం ఉంటుంది. మాల్దీవుల రాజధాని మాలేలోని నాయబుకు అధ్యక్షుడు ఇస్తే ఫైలుంటుంది, ఇవ్వకపోతే లేదు.

మాల్దీవుల్లో ఉపాధ్యక్షుల కథ గురించి మన పత్రికల్లో వచ్చేదంతా కుట్రల కథగా వస్తుంది. ఫలానావాడు వెన్నుపోటు పొడిచాడు, ఫలానావాడు పడవలో పారిపోయాడు అని. మనుషుల గుణాలను పట్టుకుని ఆ చరిత్రను చదవడం సగం చదువే అని నా వాదన. ఆ కుర్చీని కట్టిన తీరులోనే లోపం ఉంది. ఏ పెద్దమనిషిని తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టినా రెండేళ్లు తిరక్కుండా అధ్యక్షుడికి అతని మీద అనుమానం పుడుతుంది.

2008 ఆగస్టు 7న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఏం చెబుతుందో ముందు చూద్దాం. 117వ అధికరణం ప్రకారం, అధ్యక్షుడు తన అధికారాల్లో ఏవి అప్పగిస్తే అవి ఉపాధ్యక్షుడు నిర్వర్తించాలి. అధ్యక్షుడు దేశంలో లేనప్పుడు, లేదా తాత్కాలికంగా పని చేయలేనప్పుడు, ఆ పనులు చూసుకోవాలి. మంత్రివర్గంలో సభ్యత్వం ఉంది, కానీ తన పేరు మీద శాఖ ఉండి తీరాలన్న నియమం లేదు. ఇది ఒక వైపు.

రెండో వైపు చూడండి. అధ్యక్షుడు తన మంత్రిని పొద్దున పిలిచి సాయంత్రానికి ఇంటికి పంపగలడు. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం పంపలేడు. 100వ అధికరణం ప్రకారం ఆ పని మజ్లిస్‌ది. సభ్యుల్లో కనీసం మూడో వంతు సంతకాలతో తీర్మానం రావాలి. ఆరోపణ కూడా ఏదో ఒకటి సరిపోదు: ఇస్లాం సూత్రాన్నో రాజ్యాంగాన్నో చట్టాన్నో నేరుగా ఉల్లంఘించడం, పదవికి తగని నడవడి, లేదా పని చేయలేని స్థితి. కనీసం 14 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటితోనూ కాగితం మీదా జవాబు చెప్పుకునే హక్కు, లాయర్ని పెట్టుకునే హక్కు ఉన్నాయి. చివర్లో మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఓటేయాలి. హాజరైనవాళ్లలో రెండొంతులు కాదు, మొత్తం సభలో.

ఇక మూడోది. అధ్యక్షుడు చనిపోయినా, రాజీనామా చేసినా, అభిశంసనకు గురైనా, మిగిలిన పదవీకాలం మొత్తం ఉపాధ్యక్షుడిదే. ఐదేళ్లలో ఆరు నెలలు మిగిలినా, నాలుగున్నరేళ్లు మిగిలినా లెక్క ఒకటే. మధ్యలో జనాన్ని అడగాల్సిన పని లేదు.

ఈ మూడూ కలిపి చూడండి. చేయడానికి పని లేదు. తీసేయడం తేలిక కాదు. పెద్దాయన పడిపోతే ఆస్తంతా తనకే. ఇలాంటి దాయాది ఇంట్లో ఉంటే మన ఊళ్లో ఏ పెద్దకొడుకైనా నిశ్చింతగా నిద్రపోతాడా?

పైగా ఆ ఇల్లు కూడా చిన్నది. మాల్దీవులంటే దాదాపు 1,200 దీవులు, వాటిలో జనం ఉండేవి 200 లోపే. కానీ రాజకీయమంతా మాలే అనే ఒక్క దీవిలో, రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట జరుగుతుంది. అధ్యక్షుడి నివాసం ములియాగె, ఉపాధ్యక్షుడి అధికార నివాసం హిలాలీగె. మజ్లిస్, పోలీసు ప్రధాన కార్యాలయం, సైన్యం ఉండే బందార కోషి అన్నీ నడిచి వెళ్లిపోయే దూరంలోనే. జుమ్హూరీ మైదానంలో గుంపు అరిస్తే అందరికీ వినబడుతుంది. ఎవరి ఇంటికి ఎవరు ఎప్పుడు వెళ్లారో తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోతుంది. ఢిల్లీలో ఒక నాయకుడు ఇంకొకరి బంగళాకు వెళ్లడం వార్త కావాలంటే టీవీ కెమెరా ఉండాలి. మాలేలో కిటికీ తెరిచి ఉంటే చాలు.

ఈ జబ్బు 2008తో మొదలైంది కాదు. 1953 జనవరి 1న మాల్దీవులు మొదటిసారి గణతంత్రమైంది, మొహమ్మద్ అమీన్ దీదీ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో ఆయన చికిత్స కోసం సిలోన్ వెళ్లి ఉండగా మాలేలో ప్రభుత్వం తలకిందులైంది. పగ్గాలు చేతికి తీసుకున్నది ఎవరు? ఉపాధ్యక్షుడు ఇబ్రహీం మొహమ్మద్ దీదీ. మరుసటి ఏడాది మార్చికల్లా గణతంత్రమే పోయి సుల్తాను తిరిగొచ్చాడు. తర్వాత 1978 నుంచి 2008 దాకా ముప్ఫై ఏళ్లు పాలించిన మౌమూన్ అబ్దుల్ గయూమ్ అసలు ఉపాధ్యక్షుడే లేకుండా నెట్టుకొచ్చాడు. దాన్ని నియంత పోకడ అని తీసిపారేయొచ్చు, అది నిజమే కూడా. కానీ 1953 సంగతి అక్కడ ఎవరూ మరిచిపోలేదన్నదీ అంతే నిజం.

ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి ఇంకో చిక్కు. అధ్యక్ష అభ్యర్థి పోటీకి దిగేటప్పుడే తన జోడీ ఎవరో ప్రకటించాలి. గెలవాలంటే 50 శాతం దాటాలి. ఎవరూ దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య 21 రోజుల్లోగా రెండో రౌండు. మాల్దీవుల్లో మొదటి రౌండులో తేలడం అరుదు. అంటే అసలైన బేరసారాలు రెండు రౌండ్ల మధ్య మూడు వారాల్లో జరుగుతాయి. మూడో స్థానంలో వచ్చినవాడి మద్దతు, నాలుగో స్థానంలో వచ్చినవాడి మద్దతు అప్పుడే కావాలి. అప్పటికి ఉపాధ్యక్ష పదవి ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటుంది. ఎవరికి? మొదటి రౌండుకు ముందు, పోటీదారుడు ఇంకా బలహీనంగా ఉన్నప్పుడు, కాస్త పేరు, చదువు, పక్క పార్టీ జెండా తెచ్చిపెట్టినవాడికి. గెలిచాక ప్రభుత్వాన్ని నిలబెట్టేది రెండో రౌండులో చేరిన మిత్రులు. ఉపాధ్యక్షుడు పాత అప్పులా మిగిలిపోతాడు.

2008లో సరిగ్గా ఇదే జరిగింది. మొహమ్మద్ నషీద్‌కు మొదటి రౌండులో వచ్చింది నాలుగో వంతు ఓట్లే. గయూమ్‌కు 40 శాతం. నషీద్ జోడీ మొహమ్మద్ వహీద్ హసన్, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, యూనిసెఫ్‌లో పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాడు. ఆయన పార్టీ గౌమీ ఇత్తిహాద్ చిన్నది. మొదటి రౌండులో ఓడిన అభ్యర్థులంతా రెండో రౌండుకు నషీద్ వెనక చేరడంతో సుమారు 54 శాతంతో గెలిచారు. 2009 మజ్లిస్ ఎన్నికల్లో వహీద్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఆ రోజు నుంచి నషీద్‌కు ఆయన అవసరం తీరిపోయింది. ఆయన్ను వదిలించుకునే దారి మాత్రం లేదు.

2012 జనవరి 16న క్రిమినల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తిని సైన్యంతో అరెస్టు చేయించాడు నషీద్. మూడు వారాలు రోజూ రాత్రిపూట ఆందోళనలు. ఆ జనవరి చివర్లో ప్రతిపక్ష నాయకులు ఒక రాత్రి హిలాలీగెకు వెళ్లి, మీరు పగ్గాలు తీసుకుంటే మేం మీ వెంటే అని వహీద్‌కు చెప్పి వచ్చారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అది కుట్రా? మర్యాదపూర్వక భేటీయా? నా దృష్టిలో ఆ ప్రశ్నకు జవాబు వెతకడం వృథా. రాజ్యాంగమే ఆ ఇంటి తలుపు మీద "తర్వాతి అధ్యక్షుడు" అని బోర్డు పెట్టింది. అధ్యక్షుడి మీద కోపం వచ్చినవాళ్లు ఆ తలుపు కాక ఇంకేది తడతారు?

ఫిబ్రవరి 7 పొద్దున పోలీసుల్లో ఒక వర్గం తిరగబడింది, ప్రభుత్వ టీవీ వాళ్ల చేతుల్లోకి పోయింది. మధ్యాహ్నానికి నషీద్ టీవీ కెమెరాల ముందు రాజీనామా చదివాడు, వహీద్ ప్రమాణం చేశాడు. బలవంతంగా చేయించారని నషీద్ తర్వాత అన్నాడు. విచారణ కమిషన్ ఆగస్టు 30న నివేదిక ఇచ్చి, అధికార మార్పిడి రాజ్యాంగబద్ధమే అని తేల్చింది. కాగితం ప్రకారం తేలడం వేరు, జనం ఒప్పుకోవడం వేరు. ఇంకా 21 నెలల పదవీకాలం మిగిలి ఉంది. మజ్లిస్‌లో తన పార్టీకి ఒక్క సభ్యుడూ లేని మనిషి, ఎవరి మీద కోపంతో తనను కూర్చోబెట్టారో వాళ్ల కోపమే పెట్టుబడిగా, ఆ 21 నెలలూ దేశాన్ని నడిపాడు. 2013 సెప్టెంబరు 7న స్వయంగా పోటీ చేస్తే వచ్చినవి 10,750 ఓట్లు, 5.13 శాతం. జోడీగా గెలిచినవాడికి ప్రజల ఆమోదం ఉన్నట్టే కదా అనేవాళ్లకు ఈ అంకె చూపిస్తే చాలనుకుంటా.

వహీద్‌కు కూడా ఒక ఉపాధ్యక్షుడు కావాలి కదా. రిసార్టు యజమాని మొహమ్మద్ వహీద్ దీన్‌ను పెట్టుకున్నాడు. 2013లో ఎన్నికలు వాయిదాల మీద వాయిదాలు పడి, నవంబరు 11తో ముగియాల్సిన పదవీకాలం దాటిపోయే పరిస్థితి వచ్చింది. దీన్ 10వ తేదీన రాజీనామా చేసి పక్కకు తప్పుకున్నాడు. ఈ జాబితాలో నాకు గౌరవం కలిగించే పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ తర్వాత వచ్చినవాడు అబ్దుల్లా యామీన్, 2013 నవంబరు 17న. ఆయన జోడీ మొహమ్మద్ జమీల్ అహ్మద్. వహీద్ ప్రభుత్వంలో హోంమంత్రిగా ఉంటూనే యామీన్ జోడీగా పేరు ఖాయమైనందుకు 2013 మేలో పదవి పోగొట్టుకున్నవాడు. గెలిచి ఏడాదిన్నర అయ్యేసరికి యామీన్‌కూ జమీల్‌కూ చెడింది. అప్పుడు ఏం చేశారో వరసగా చూడండి, ఎందుకంటే ఉపాధ్యక్షుణ్ణి మార్చడం ఎలా అన్నదానికి ఇది పాఠ్యపుస్తకం లాంటిది.

ముందు కొత్తవాణ్ణి ఎంచుకున్నారు. పర్యాటక మంత్రి అహ్మద్ అదీబ్. చిక్కేమిటంటే అతనికి 33 ఏళ్లు, రాజ్యాంగం 35 ఉండాలంటుంది. కాబట్టి ఉన్న ఉపాధ్యక్షుణ్ణి తీసేయక ముందే, 2015 జూన్‌లో, రాజ్యాంగాన్ని సవరించి వయసును 30 నుంచి 65 మధ్యకు మార్చారు. పై హద్దు 65 పెట్టడంలో ఇంకో లాభం: ప్రతిపక్షంలోని గాసిం ఇబ్రహీం లాంటి పెద్దవయసు పోటీదారులు 2018 నాటికి బరిలోంచి తప్పుకున్నట్టే. సవరణకు నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి, ప్రతిపక్షం కూడా ఓటేసింది. జైల్లో ఉన్న నషీద్‌ను గృహనిర్బంధానికి మార్చింది ఆ రోజుల్లోనే. రెండు నెలలు తిరగ్గానే మళ్లీ జైలుకు పంపారు, అది వేరే కథ.

జూలై 21న జమీల్ మీద అభిశంసన నెగ్గింది. 85 మంది సభలో మూడింట రెండొంతులంటే 57. పడ్డవి 61. అప్పటికి జమీల్ బ్రిటన్‌లో ఉన్నాడు. మర్నాడే అదీబ్ ఉపాధ్యక్షుడు. జమీల్‌కు కనీసం ఓటు వేసినవాళ్లున్నారు, బ్యాలెట్ మీద ఆయన పేరుంది. అదీబ్ పేరు దేశంలో ఏ ఓటరూ ఏ బ్యాలెట్ మీదా ఆ పదవికి చూడలేదు. అధ్యక్షుడు పేరు పంపాడు, మజ్లిస్ ఆమోదించింది. అంతే, ఆ క్షణం నుంచి యామీన్‌కు ఏమైనా అయితే మూడేళ్లకు పైగా దేశం అతనిది.

అయింది కూడా, దాదాపుగా. సెప్టెంబరు 28న యామీన్ హజ్ యాత్ర ముగించుకుని వచ్చాడు. విమానాశ్రయం హుల్హులె దీవిలో ఉంది. వంతెన 2018లో గానీ రాలేదు, అప్పట్లో మాలేకు పడవే దారి. అధ్యక్షుడి స్పీడుబోటు ఒడ్డుకు చేరుతుండగా పేలుడు. అధ్యక్షుడికి ఏమీ కాలేదు, ఆయన భార్య గాయపడింది. అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి పరిశీలించి, బాంబు అనడానికి కచ్చితమైన ఆధారం దొరకలేదన్నారు. అయినా అక్టోబరు 24న చైనా నుంచి తిరిగొస్తున్న అదీబ్‌ను విమానాశ్రయంలోనే అరెస్టు చేశారు. నవంబరు 4న ఎమర్జెన్సీ. దాంతో అభిశంసనకు ఇవ్వాల్సిన 14 రోజుల గడువు 7 రోజులకు కుదించుకుపోయింది. నవంబరు 5న ఓటింగు. మళ్లీ 61. ఉపాధ్యక్షుడిగా అతను ఉన్నది మూడున్నర నెలలు.

తర్వాత అతనికి పడిన శిక్షలు మొత్తం 33 ఏళ్లు, ప్రభుత్వం మారాక 2019లో ఆ తీర్పులు రద్దయ్యాయి. కానీ ఇతర కేసుల దర్యాప్తు నడుస్తూనే ఉంది. ఆ ఆగస్టు 1న వర్గో 9 అనే టగ్ బోటులో సిబ్బందిలో ఒకడిగా తమిళనాడులోని తూత్తుకుడి రేవు దాకా వచ్చాడు. మనవాళ్లు దిగనివ్వలేదు, వెనక్కి పంపేశారు. ఒక దేశపు మాజీ ఉపాధ్యక్షుడు బార్జీలు లాగే పడవలో మన తీరానికి రావడం అప్పట్లో రెండు రోజుల వార్త. ఆ పడవ దాకా అతన్ని తెచ్చిన దారి మాత్రం 2015 జూన్ నాటి వయసు సవరణతో మొదలైంది.

అదీబ్‌ను తీసేశాక కుర్చీ ఏడు నెలలకు పైగా ఖాళీగా ఉంది. 2016 జూన్‌లో ఆర్థిక మంత్రి అబ్దుల్లా జిహాద్‌ను తెచ్చారు. నెమ్మదైన మనిషి, గొడవ లేకుండా 2018 దాకా గడిపేశాడు. ఆ ఎన్నికల్లో యామీన్ జిహాద్‌ను కాదని వేరొకరిని జోడీగా పెట్టుకున్నాడు. 2018లో గెలిచిన ఇబ్రహీం సోలిహ్‌తో ఫైసల్ నసీమ్ ఐదేళ్లూ సజావుగా పని చేశాడు. 2023లో సోలిహ్ కూడా జోడీని మార్చాడు. ఇప్పుడు మొహమ్మద్ ముయిజ్జూ పక్కన హుసేన్ మొహమ్మద్ లతీఫ్ ఉన్నాడు. 2008 నుంచి లెక్కేస్తే ఏడుగురు. ఒకే అధ్యక్షుడి పక్కన రెండుసార్లు పోటీ చేసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. గొడవపడ్డవాళ్లు పోయారు సరే, గొడవపడనివాళ్లు కూడా పోయారు. తర్వాతి ఎన్నికకు ఆ కుర్చీ మళ్లీ బేరానికి కావాలి కాబట్టి.

మరి మిగతా దీవులు ఏం చేశాయి? హిందూ మహాసముద్రంలోనే ఉన్న మారిషస్ దారి వేరు. అది మనవాళ్లున్న దేశం, ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం. అక్కడ పెత్తనం ప్రధానిది. అధ్యక్షుణ్ణీ ఉపాధ్యక్షుణ్ణీ ప్రధాని ప్రతిపాదిస్తే శాసనసభ మెజారిటీతో ఎన్నుకుంటుంది. ఉపాధ్యక్షుడికి దక్కేది మహా అయితే రిబ్బను కత్తిరించే కుర్చీ కాబట్టి దానికోసం ఎవరూ కుట్ర పన్నరు. అలాగని ఆ కుర్చీకి విలువ లేదనీ అనలేం. 2002 ఫిబ్రవరిలో ఉగ్రవాద నిరోధక బిల్లు మీద సంతకం చేయనని అధ్యక్షుడు కాసం ఉతీమ్ రాజీనామా చేశాడు. ఆ బాధ్యత మీద పడ్డ ఉపాధ్యక్షుడు అంగిడి చెట్టియార్ కూడా సంతకం చేయనని తప్పుకున్నాడు. చివరికి ప్రధాన న్యాయమూర్తి తాత్కాలిక అధ్యక్షుడై సంతకం పెట్టాడు. ఇద్దరు అలంకారపు పెద్దలు వరసగా లేచి వెళ్లిపోతే ఆ బిల్లు సంగతేమిటో దేశమంతా తెలుసుకుంది. మారిషస్ పద్ధతిలో లోపం ఇంకోచోట ఉంది. 2018 మార్చిలో అధ్యక్షురాలు అమీనా గురీబ్ ఫకీమ్ రాజీనామా చేశాక, ఉపాధ్యక్షుడు బార్లెన్ వ్యాపూరి 20 నెలలు తాత్కాలిక అధ్యక్షుడిగానే ఉన్నాడు. తాత్కాలికం అన్న మాటకు ఎవరో ఒకరు గడువు పెట్టకపోతే అది ఎంతైనా సాగుతుంది.

మన దగ్గర ఆ గడువు రాజ్యాంగంలోనే ఉంది, ఆరు నెలలు. 1969 మే 3న జాకీర్ హుసేన్ మరణించినప్పుడు ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. రాష్ట్రపతి పదవికి పోటీ చేయాలనుకుని జూలై 20న రాజీనామా చేశాడు. రెండు కుర్చీలూ ఖాళీ అయితే ఎవరు చూడాలన్న చట్టాన్ని ఆ ఏడాదే హడావుడిగా చేయాల్సి వచ్చింది, దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా కూర్చున్నాడు. గిరి గారు తర్వాత గెలిచారు, కానీ ఓట్లతో గెలిచారు. వారసత్వంగా రాలేదు.

సీషెల్స్‌లో మాల్దీవుల లాగే ఉపాధ్యక్షుడికి మిగిలిన కాలమంతా దక్కేది. 2015 డిసెంబరులో జేమ్స్ మిషెల్ 193 ఓట్ల తేడాతో గెలిచాడు. పది నెలలకే, 2016 అక్టోబరులో, కుర్చీ దిగి ఉపాధ్యక్షుడు డానీ ఫోర్‌కు అప్పగించాడు. 193 ఓట్లతో తెచ్చుకున్న ఐదేళ్లలో నాలుగేళ్లు, అధ్యక్షుడిగా ఏనాడూ గెలవని మనిషి పాలించాడు. 2020లో పోటీ చేస్తే, ఆ 193 ఓట్లతో ఓడిన రామ్‌కలవాన్ చేతిలోనే ఓడిపోయాడు. సీషెల్స్‌లో గొడవలు జరగలేదు, ఎందుకంటే ఉపాధ్యక్షుడికి చేతినిండా శాఖలు ఇచ్చేవాళ్లు, పైగా ఇద్దరూ ఒకే పార్టీ. అందుకే అక్కడ పని నడిచింది. ఓటరు మాటకు విలువ ఎంత మిగిలిందో మాత్రం చెప్పలేను.

నాకు నచ్చిన ఉదాహరణ పసిఫిక్‌లోని పలావు. మన మండలం పాటి జనాభా కూడా లేని దేశం. 1985 జూన్ 30న అధ్యక్షుడు రెమెలీక్‌ను కాల్చి చంపారు. ఉపాధ్యక్షుడు అల్ఫొన్సో ఓయితెరోంగ్ బాధ్యతలు తీసుకున్నాడు, కానీ మిగిలిన కాలం అతని సొత్తు కాలేదు. ఆగస్టులోనే ప్రత్యేక ఎన్నిక పెట్టారు. అతను పోటీ చేసి లాజరస్ సాలీ చేతిలో ఓడిపోయాడు. అధ్యక్షుడి హత్య వల్ల రాజకీయంగా లాభపడే అవకాశం ఉపాధ్యక్షుడికి ఉందన్న అనుమానాన్ని ఆ ఒక్క ఎన్నిక తుడిచేసింది.

మాల్దీవులకు కావలసింది అదే. తమాషా ఏమిటంటే ఆ మందు వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండూ ఒకేసారి ఖాళీ అయితే స్పీకర్ తాత్కాలికంగా బాధ్యతలు చూడాలి, 60 రోజుల్లో ఎన్నిక జరపాలి. ఒక్కడు పోతే మిగిలిన కాలం పక్కవాడిది, ఇద్దరూ పోతే జనానిది. ఆ 60 రోజుల నియమాన్ని ఒక్కరి ఖాళీకి కూడా వర్తింపజేస్తే సరిపోతుంది. పదవీకాలం ఏడాదిలోపే మిగిలి ఉంటే ఉపాధ్యక్షుణ్ణి కొనసాగనివ్వండి, అంతకంటే ఎక్కువ ఉంటే ఎన్నిక. అంతవరకు కుర్చీ ఖాళీగా ఉండకుండా ఆయన చూసుకుంటాడు, కావాలంటే ఎన్నికలో నిలబడతాడు. దీనికి తోడు రెండు చిన్న మరమ్మతులు. ఉపాధ్యక్షుడికి ఒక శాఖైనా ఉండి తీరాలని, ఆ శాఖను అతను ఒప్పుకోకుండా మార్చకూడదని రాయాలి. మధ్యలో నియమితుడైన ఉపాధ్యక్షుడికి తాత్కాలిక బాధ్యత తప్ప వారసత్వ హక్కు ఉండకూడదు.

దీవుల్లో మాటిమాటికీ ఎన్నికలు ఖర్చు, శ్రమ అంటారు. శ్రమ మాట నిజమే. బ్యాలెట్ పెట్టెలు పడవల మీద వెళ్లాలి. రిసార్టుల్లో పనిచేసేవాళ్లకు, జైళ్లలో ఉన్నవాళ్లకు, పక్క దేశాల్లో ఉన్నవాళ్లకు వేరే పెట్టెలు. తిరువనంతపురంలో ఉండే మాల్దీవుల వాళ్లు అక్కడే క్యూలో నిలబడి ఓటేస్తారు. కానీ ఈ దేశం రెండు రౌండ్లనూ మూడు వారాల తేడాతో ఎప్పుడూ జరుపుతూనే ఉంది. 2023లో సెప్టెంబరు 9న ఒకటి, 30న ఇంకొకటి. 2013లో అయితే సెప్టెంబరు 7 ఓటింగును సుప్రీంకోర్టు కొట్టేసింది, అక్టోబరు 19 ఓటింగును పోలీసులు ఆపారు, మళ్లీ నవంబరు 9న, 16న జరిపారు. అంత రచ్చలో కూడా ఓటరు జాబితాలు, పెట్టెలు, పడవలు సర్దుకోగలిగినవాళ్లకు 60 రోజుల గడువు చాలదంటే నమ్మబుద్ధి కాదు.

స్థిరత్వం అన్నది ఇంకో అభ్యంతరం, దీన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. అధ్యక్షుడు హఠాత్తుగా పోయిన దేశంలో, రెండు నెలలు ప్రచారాల మోత మంచిదా? 2012 ఫిబ్రవరిలో మాలే వీధుల్లో ఉన్న వేడికి ఎన్నిక ఇంకా ఆజ్యం పోసేదేమో. కావచ్చు. అయితే ఎన్నిక పెట్టకపోవడం వల్ల ఆ వేడి చల్లారిందా? నషీద్ పార్టీ ఆ 21 నెలలూ వెంటనే ఎన్నికలు కావాలంటూ వీధుల్లోనే ఉంది. రాజీనామా చేయించారా, చేశాడా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ దేశం రెండుగా చీలింది. ఏప్రిల్‌లో ఓటింగు ఉందని ముందే తెలిసి ఉంటే ఆ ప్రశ్నకు అంత పదును ఉండేది కాదు. అసలు అంతకుముందు ఆ జనవరి రాత్రి హిలాలీగె తలుపు తట్టినవాళ్లు తట్టేవాళ్లేనా అన్నది నా సందేహం. 60 రోజుల నాయబు కోసం ఎవరు అంత దూరం వెళతారు?

రాజ్యాంగాన్ని మార్చాలంటే నాలుగింట మూడొంతుల మంది కావాలి. ఇప్పటి మజ్లిస్‌లో 93 మంది, అంటే 70 ఓట్లు. 2024 ఏప్రిల్ ఎన్నికల్లో ముయిజ్జూ పార్టీకి ఒక్కదానికే 66 సీట్లు వచ్చాయి. మిత్రులను కలుపుకుంటే లెక్క సరిపోతుంది. ఈ మార్పు వల్ల అందరికంటే ముందు నెమ్మదిగా నిద్రపోయేది ములియాగెలో ఉన్న మనిషే. 2015లో ఒక్క మనిషి కోసం వయసు ఐదేళ్లు తగ్గించడానికి ఆ మజ్లిస్‌లోనే మూడొంతుల ఓట్లు దొరికాయి.